బాలికలకు శిబిర జీవితము

సెలవు దినములలో బాలికలు ఉపాధ్యాయినుల సంరక్షణలో ఊరికి దూరముగా, కొండ పాదముననో తోపులోనో గుడారములు వేసికొని, కొన్నినాళ్లు తమ పనులు తామే చేసికొనుచు నివసించుటను శిబిర జీవితమందురు. ఈ మాట వినగానే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు పల్లెలలో తలిదండ్రులు సంకోచింతురు. వయసు వచ్చుచున్న పిల్లను ఆరుబయటకు పంపుట ఎట్లని వారి సందేహము. అది సహజమే. అందుచే శిబిరమనగా ఏమో, అందు బాలిక ఏమి నేర్చునో, మన ప్రాంతమున దానిని ఎట్లు నడుపవలెనో ఇందు వివరింతుము.

ఎట్లు పుట్టినది?

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున 1902లో లారా మాటూన్ అను ఉపాధ్యాయిని బాలికల కొరకు సరస్సు ఒడ్డున వేసవి శిబిరము నెలకొల్పినది. 1909లో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌటు బాలుర సమ్మేళనము జరుగగా, కొందరు బాలికలును అచ్చటికి వచ్చి తమకును అట్టి శిక్షణ కావలెనని కోరిరి. మరుసటి ఏడు గైడు ఉద్యమము ఆరంభమైనది. మన దేశమున మొదటి గైడు దళము 1911లో జబల్పూరులో ఏర్పడినది. 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ వెలసినది. 1951 ఆగస్టు 15న గైడు సంఘము అందు కలిసినది. పది ఏండ్లు నిండిన బాలికలు గైడు దళమున చేరవచ్చును.

ఏమి నేర్తురు?

శిబిరమున బాలికలు ఆరుగురు లేక ఎనమండుగురు చొప్పున జట్లుగా ఏర్పడుదురు. ప్రతి జట్టునకు వారిలోనే ఒకతె నాయకురాలు. నీరు తెచ్చుట, వంట, పారిశుద్ధ్యము, రాత్రి కాపలా మున్నగు పనులను వారే పంచుకొందురు. గాయమునకు కట్టు కట్టుట, ధ్రువ నక్షత్రమును చూచి దిక్కు తెలిసికొనుట, త్రాళ్లకు ముడులు వేయుట నేర్తురు.

ఇందు మన బాలికలకు క్రొత్తది కొంచెమే. మూడు రాళ్ల పొయ్యి మీద వండుట వారికి తెలియును. బిందె నెత్తిన బెట్టుకొని దూరము నడచుట తెలియును. లావు త్రాడును సన్న త్రాడును కలుపుటకు గైడులు నేర్చు ముడియు, తెగిన దారమును అతుకుటకు నేతగాండ్రు వేయు ముడియు నిర్మాణమున ఒక్కటే. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘముచే పేరొందిన ఎమ్మిగనూరులో, మగ్గమున్న ఇంటి పిల్ల ఆ ముడిని తోడి బాలికలకు తానే నేర్పగలదు.

అట్లయిన శిబిరమెందులకు? ఇంటివద్ద బాలికకు పని యున్నది గాని నిర్ణయము లేదు. ఏమి వండవలెనో, ఎన్నడు బడి మానవలెనో పెద్దలు చెప్పుదురు. శిబిరమున పనితోపాటు నిర్ణయమును ఆమెదే. ఉన్న సరకును నాలుగు దినములకు సర్దుట, జట్టులో కలహము వచ్చిన తీర్చుట, ఒకరికి జ్వరము తగిలిన ఎవరిని పిలువవలెనో తేల్చుట, ఇవి ఆమె వంతునకు వచ్చును. పదునాలుగేండ్ల పిల్ల ఒక్కసారి ఇట్టి భారమును చక్కగా మోసినచో, తన చదువును గూర్చియు వివాహమును గూర్చియు పెద్దల యెదుట నెమ్మదిగా, నిర్భయముగా మాటాడగలదు. పదునెనిమిది ఏండ్లు నిండక పూర్వము ఆడపిల్లకు వివాహము చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరము. చట్టమును ఇంట తెలుపుటకును ఒక గొంతుక కావలెను గదా!

కాలమును, స్థలమును

శీతల దేశములలో వేసవి హాయిగొలుపు ఋతువు. మనకట్లు కాదు. మే మాసపు మధ్యాహ్నమున గుడారములో నుండుట ప్రమాదకరము. కావున వేసవిలో శిబిరము జరిపినచో రాత్రులు, ఉదయములు మాత్రమే ఆరుబయట గడపి, పగటివేళ పాఠశాల భవనమునందో దట్టమైన నీడయందో ఉండవలెను. దసరా సెలవుల తరువాతి చలికాలము ఇంతకంటె మేలు.

అయితే ఆ కాలముననే మరియొక చిక్కు గలదు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు ప్రాంతములనుండి అనేక కుటుంబములు ప్రత్తి, మిరప కోతలకై సుగ్గికి గుంటూరు వైపు పోవును. వెంట పోయిన పిల్లకు బడియు పోవును, శిబిరమును పోవును. ఆమెయు గుడారములోనే పండుకొనును గాని అది కూలి గుడారము. అట్టి కుటుంబములు ఊరు విడుచునపుడు పిల్లను బంధువుల యింటనో వసతి గృహముననో ఉంచి బడికి పంపుట మేలు. 2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు ఇట్టి బాలికల కొరకే భోజన వసతులతో నడచుచున్నవి.

స్థలము విషయమున కొన్ని జాగ్రత్తలు అవసరము. నల్లరేగడి నేల వానకు మెత్తబడి గుడారపు మేకులను నిలుపదు; ఎఱ్ఱ నేల, మెరక నేల మంచిది. తుంగభద్ర ఇసుక తిన్నెలు చూడ రమ్యములే గాని, ఎగువనుండి నీరు విడిచిన ప్రవాహము హెచ్చును, అచ్చట విడియరాదు. కాలువ గట్టున ఒంటరిగా స్నానము చేయరాదు. పాము కరచినచో కోయుట, గట్టిగా బిగించి కట్టుట మాని, 108కి తెలిపి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. వడ తగిలి నీరసించినవారిని నీడకు చేర్చి, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్ది కొద్దిగా త్రాగింపవలెను. స్పృహ తప్పినచో ఏమియు త్రాగింపక ఆసుపత్రికి కొనిపోవలెను.

తలిదండ్రులు అడుగవలసినవి

పిల్లను పంపుటకు ముందు పాఠశాలకు పోయి కొన్ని సంగతులు తెలిసికొనుడు. రాత్రింబవళ్లు బాలికల వద్దనుండు ఉపాధ్యాయినులు ఎందరు? త్రాగునీరు ఎచ్చటిది? మరుగుదొడ్ల యేర్పాటేమి? ఆసుపత్రి ఎంత దూరము? తలిదండ్రుల వ్రాతపూర్వకమైన అనుమతి తీసికొనుచున్నారా? శిబిరము నడచు దినములలో తల్లులు వచ్చి చూడవచ్చునా? వీనికి సరియైన సమాధానము లభింపనిచో పంపకుండుటయే యుక్తము. లభించినచో, పొలమునకు ఏండ్ల తరబడి నమ్మి పంపిన బిడ్డను నాలుగు దినములు శిబిరమునకు నమ్మి పంపుడు.