సెయిలింగ్ నేర్పిద్దామా? మైలవరం తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఏడో తరగతి విద్యార్థి తండ్రి ఒకరు సమ్మర్ క్యాంప్ పాంప్లెట్ తెచ్చి చూపించారు. తెరచాప పడవ నడపడం నేర్పిస్తారట, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తారట. "మైలవరం పిల్లాడికి సముద్రం ఎక్కడిదండీ? అయినా నేర్పిస్తే రేపు మర్చంట్ నేవీలో ఉద్యోగానికి పనికొస్తుందా?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు వింటే సంతోషంగా ఉంటుంది. రెండోదాని దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి.

సెయిలింగ్ నేర్చుకోవడానికి సముద్రం అక్కర్లేదు, పెద్ద చెరువు చాలు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ-4 విభాగంలో రజత పతకం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లాకు చెందిన రైతు బిడ్డ. ఆ రాష్ట్రానికి సముద్రతీరమే లేదు. ఆమె సాధన చేసింది భోపాల్‌లో, పెద్ద చెరువు మీద. మనకు దగ్గరలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఉంది. అక్కడ 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కూడా శిక్షణ ఇస్తూ వచ్చింది. వాళ్లలో కొందరు జాతీయ పోటీల దాకా వెళ్లారు. అంటే ఇది డబ్బున్నవాళ్ల ఆట మాత్రమే అనుకోనక్కర్లేదు.

పిల్లలకు మొదట ఇచ్చే పడవ పేరు ఆప్టిమిస్ట్. దాదాపు రెండుంబావు మీటర్ల పొడవు, 35 కిలోల బరువు, ఒకే తెరచాప. 15 ఏళ్లలోపు పిల్లలు ఒక్కరే కూర్చుని నడుపుతారు. ఇంజన్ లేదు, తెడ్డు వేసే పనీ లేదు. ఒక చేతిలో చుక్కాని కర్ర, రెండో చేతిలో తెరచాప తాడు. గాలి వెనక నుంచి వస్తే పడవ ముందుకు పోతుందని ఎవరైనా చెప్పగలరు. ఎదురుగాలిలో ఎలా వెళ్లాలన్నదే అసలు చదువు. నేరుగా గాలికి ఎదురెళ్లలేం. అందుకని సుమారు 45 డిగ్రీలు పక్కకు తిప్పి కొంత దూరం, మళ్లీ అటువైపు తిప్పి కొంత దూరం, ఇలా వంకర టింకరగా వెళ్తారు. అప్పుడు గాలి పడవను పక్కకు నెట్టేస్తుంది కదా? పడవ మధ్యలోంచి నీళ్లలోకి నిలువుగా దించిన పలక అలా జరిగిపోకుండా ఆపుతుంది. ఆ రెండిటి మధ్య పడవ ముందుకు కదులుతుంది. కళ్లంలో గాలివాటు చూసి ధాన్యం తూర్పారబట్టిన మన తాతలకు ఇది చెబితే వెంటనే అర్థమయ్యేది!

ఇక భయం సంగతి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. మన ప్రాంతంలో ఆ రోజును మరిచిపోయినవాళ్లు తక్కువ. ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు. సరిగ్గా ఆ నెలలోనే నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 55 అడుగుల తెరచాప నౌక తారిణిలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మధ్య సముద్రంలో ఉన్నారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగువాళ్లే. గోవాలో బయల్దేరి ప్రపంచాన్ని చుట్టి 254 రోజులకు, 2018 మే 21న, క్షేమంగా తిరిగొచ్చారు. నది కంటే సముద్రం మంచిదని కాదు. వాళ్లు ఏళ్ల తరబడి శిక్షణ పొంది ఎక్కారు. మంచి క్లబ్బులో తొలి పాఠాల్లోనే పడవను కావాలని బోల్తా కొట్టిస్తారు. పిల్లలే నీళ్లలోంచి దాన్ని నిలబెట్టి తిరిగి ఎక్కాలి. కాబట్టి చేర్పించే ముందు మీరు వెళ్లి చూడండి. పిల్లల కొలతకు సరిపడే లైఫ్ జాకెట్లు ఉన్నాయా, పడవల వెంట మోటారు రెస్క్యూ బోటు తిరుగుతోందా, ఈత వచ్చో రాదో ముందే పరీక్షిస్తున్నారా? ఒక్కటి లేకపోయినా వెనక్కి వచ్చేయండి.

సర్టిఫికెట్ల దగ్గరే చాలామంది తికమకపడతారు. పోటీల దారిలో సర్టిఫికెట్ కన్నా ర్యాంకు ముఖ్యం. యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపున్న క్లబ్బు ద్వారా రెగట్టాలలో పాల్గొని సంపాదించుకోవాలి. రెండోది పెద్ద యాట్‌లు నడిపే దారి. అందులో బ్రిటన్‌కు చెందిన రాయల్ యాటింగ్ అసోసియేషన్ కోర్సులకు ప్రపంచమంతా విలువుంది. కాంపిటెంట్ క్రూ ఐదు రోజుల కోర్సు. ఆ పైన డే స్కిప్పర్. అన్నిటికీ పైన ఉండే యాట్‌మాస్టర్ స్థాయి ఐదు రోజుల్లో రాదు. యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ పరీక్షకు కూర్చోవాలంటేనే కనీసం 50 రోజుల సముద్ర అనుభవం, 2,500 మైళ్ల ప్రయాణం చూపించాలి.

ఈ రెండు దారుల్లో ఏదీ మర్చంట్ నేవీలోకి తీసుకెళ్లదు. అది వేరే చదువు. ఇంటర్ ఎంపీసీలో 60 శాతం, పదిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లిష్‌లో 50 శాతం మార్కులు ఉండాలి. తర్వాత ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ యూనివర్సిటీ క్యాంపస్ విశాఖలోనూ ఉంది. కంటిచూపు, రంగులు గుర్తించే పరీక్షలు కూడా కఠినంగానే ఉంటాయి. కోర్సుకు డబ్బు కట్టే ముందే ఈ వైద్య పరీక్ష చేయించుకుంటే మంచిది. ఎవరైనా ఏజెంటు "నాలుగు రోజుల సర్టిఫికెట్, వెంటనే ఓడలో ఉద్యోగం" అంటే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు నంబరు అడిగి, ఆ శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

నౌకాదళం మీద మనసున్న పిల్లలకు ఎన్‌సీసీ నేవల్ వింగ్ మంచి మెట్టు. అక్కడ సెయిలింగ్ శిక్షణలో భాగం.

ఆ తండ్రి తెచ్చిన పాంప్లెట్‌ను మళ్లీ తిప్పి చూశాం. ఒక ఫోన్ నంబరు, రంగుల తెరచాపల బొమ్మ ఉన్నాయి గానీ క్లబ్బు పేరు లేదు. ఈ వేసవికి అబ్బాయిని ఈతలో చేర్పించమని, వచ్చే ఏడాది ఒక శనివారం హుస్సేన్‌సాగర్ తీసుకెళ్లి పడవలు చూపించమని చెప్పాం.