పంటల పంచాంగమే గాలి పంచాంగం

గాలి కాలుష్యం అనగానే అందరికీ ఢిల్లీ గుర్తొస్తుంది. కానీ 2019లో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల తొలి జాబితాలోనే గుంటూరు పేరుంది. తర్వాత ఒంగోలు కూడా చేరింది. ఆంధ్రప్రదేశ్ నుంచి మొత్తం 13 నగరాలు అందులో ఉన్నాయి.

*

మన దగ్గర గాలి చెడేది పంట చేతికొచ్చే నెలల్లోనే. వానలు పడినన్నాళ్లూ దుమ్ము అణిగి ఉంటుంది. ప్రకాశం వైపు అక్టోబరు, నవంబరు వానలు గట్టిగా పడతాయి. అవి వెనకబట్టగానే పత్తి తీతలు ఊపందుకుంటాయి, జిన్నింగ్ మిల్లులు రాత్రింబవళ్లు తిరుగుతాయి. సంక్రాంతి దాటాక కల్లాల్లో మిర్చి ఎండుతుంది. ఫిబ్రవరి నుంచి గుంటూరు మిర్చి యార్డు ముందు టిక్కీల (బస్తాల) లారీలు బారులు తీరతాయి. పత్తి నూగు, మిర్చి పొడి, లారీల పొగ, రోడ్డు దుమ్ము, అన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి.

*

చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కుతుంది, దాని మీద వెచ్చటి గాలి పొర మూతలా పరుచుకుంటుంది. కింద లేచిన పొగ ఆ మూత దాటి పోలేదు. తెల్లవారుజామున ఈ బిగింపు మరీ ఎక్కువ. మనం భోగి మంట వేసేది సరిగ్గా ఆ వేళకే. పిడకలు, పాత కట్టెలు వేసే మంట వేరు, టైర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు వేసే మంట వేరు. ఆ రెండో రకం పొగ పొద్దెక్కేదాకా వీధిలోనే ఉండి, మంచంలో పడుకున్న పెద్దవాళ్ల ముక్కుల్లోకే పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు పుష్య, మాఘ మాసాల్లో అయిదింటికి లేచి వాకింగ్‌కు వెళ్లేకంటే ఎండ కాస్త కాసాక వెళ్లడం మంచిది.

*

వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లే ధూళి 2.5 మైక్రాన్ల లోపే. ఈ సన్న ధూళి ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆ గీతను 5 దగ్గర గీసింది.

*

ధూళిని కొలిచే యంత్రం దాని బరువు తూస్తుంది. అందులో మిర్చి పొడి ఎంత, పత్తి నూగు ఎంత, డీజిల్ మసి ఎంత అన్నది బోర్డు మీద కనిపించే ఆ ఒక్క అంకె చెప్పదు. పైగా యంత్రం పెట్టేది నగరంలో. కల్లంలోనూ, మిల్లులో పత్తి బోరేలు విప్పే చోటా ఎవరూ పెట్టరు. ఎక్కువ దుమ్ము పీల్చేది మాత్రం అక్కడి మనుషులే.

*

పత్తి దుమ్ముకు ఒక సొంత జబ్బే ఉంది, బిస్సినోసిస్. దాని గుర్తు విచిత్రంగా ఉంటుంది. వారమంతా మిల్లులో చేసిన మనిషికి ఆదివారం సెలవు రోజున ఛాతీ తేలికపడుతుంది. సోమవారం మళ్లీ పనిలోకి దిగిన కొన్ని గంటలకు ఛాతీ బిగపట్టి, ఆయాసం మొదలవుతుంది. మంగళ, బుధవారాలకు కాస్త సర్దుకుంటుంది. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల కార్మికుల్లో రిచర్డ్ షిల్లింగ్ అనే వైద్యుడు 1950లలో దీన్ని పట్టి చూసి, తీవ్రతను బట్టి దశలుగా విడగొట్టాడు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే సోమవారం ఆయాసం రోజూ ఆయాసంగా మారుతుంది, అప్పుడు పని మానినా తగ్గదు. కారణం దూది పోగు కాదనీ, కాయ చుట్టూ ఎండిన రేకుల మీద పెరిగే బాక్టీరియా వదిలే ఎండోటాక్సిన్ అనే విషమనీ ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. తీతలో ఆకు, రేకు, చెత్త ఎంత తక్కువ కలిస్తే మిల్లు గాలి అంత మేలు. రైతుకూ ధర పలుకుతుంది.

మన కార్మిక చట్టం తన మూడో షెడ్యూలులో ఈ జబ్బును చేర్చింది. గుర్తించిన వైద్యుడు ప్రభుత్వానికి తెలియజేయాలి. తెలియజేయాలంటే ముందు గుర్తించాలి కదా. మిల్లు కూలీ దగ్గుతో వస్తే సిరప్పు రాసి పంపేస్తే ఆ షెడ్యూలు కాగితం మీదే ఉండిపోతుంది.

*

పత్తి అయిపోయాక చేలో మిగిలే కట్టెను రైతులు కాల్చేస్తారు. బద్ధకంతో కాదు, గులాబీ రంగు పురుగు ఆ మోళ్లలో, విచ్చుకోని కాయల్లో దాక్కుని వచ్చే పంట మీద పడుతుందన్న భయంతో. యంత్రంతో కట్టెను ముక్కలు చేసి నేలలో కలియదున్నితే పురుగూ పోతుంది, నేలకూ బలం. ఆ యంత్రం ఊరికి ఒకటైనా అద్దెకు దొరకాలి. మంట వల్ల ఎంత పొగో వరిగడ్డిని చూస్తే తెలుస్తుంది, ఒక టన్ను కాలిస్తే సుమారు 3 కిలోల ధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలుస్తాయని లెక్క.

ఇదే పత్తి కట్టె ఒకప్పుడు పల్నాడులో ఎన్నో ఇళ్ల పొయ్యిలో వంటచెరకు. ఆ పొయ్యి పొగ తప్పించేందుకు 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద పొదుపు సంఘాల ఆడవాళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. కేంద్రం ఇలాంటిదే ఉజ్వల పథకం తెచ్చింది 2016లో.

*

ఇక మిర్చి. ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ మన నరాల్లో ఏ తలుపు తడుతుందో 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ తలుపు మామూలుగా తెరుచుకునేది వేడి తగిలితే. అందుకే కారం తగిలితే కాలినట్టే ఉంటుంది. పక్షుల్లో అది క్యాప్సైసిన్‌కు స్పందించదు, చిలక మిరపపండు హాయిగా తినేది అందుకే. దగ్గు ఎంత త్వరగా పుడుతుందో పరీక్షించడానికి పరిశోధకులు పీల్పించేది కూడా క్యాప్సైసిన్‌నే.

2007లో లండన్ సోహోలో వీధులు మూసేసి జనాన్ని ఖాళీ చేయించారు. రసాయన ప్రమాదమేమో అనుకుని అగ్నిమాపక సిబ్బంది తలుపు పగలగొట్టి చూస్తే, ఒక థాయ్ హోటల్లో ఎండుమిర్చి మాడుతోంది. ఒక్క గిన్నె ఘాటుకే అంత హడావుడి.

మన దగ్గర ఆ ఘాటులో రోజంతా కూర్చునే ఆడవాళ్లున్నారు. ముందు మిర్చి రాశి, పక్కన తొడిమల కుప్ప. బొటనవేలి గోరుతో తొడిమ తుంచి, తాలుకాయ పక్కకు నెట్టి, మంచికాయ బుట్టలో వేస్తారు. కాయ బాగా ఎండితేనే ధర, అలా ఎండిన కాయే పెళుసుగా విరిగి ఎర్రటి పొడి రాలుస్తుంది. ముక్కుకు చుట్టుకున్న చీర కొంగు పెద్ద నలుసుల్ని ఆపుతుంది, సన్న ధూళిని ఆపలేదు. చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట వదలదు, క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు మరి. ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడిగితే నయం. వీళ్లకు కూలి ఇచ్చేది కిలోల లెక్కన. దగ్గు వచ్చిందని లేచి బయటికెళ్తే ఆ కిలోలు తగ్గుతాయి. ఎన్95 మాస్కులు ఇవ్వడం, కూర్చునే చోట గాలి వీపు వైపు నుంచి వీచేలా చూడటం కోల్డ్ స్టోరేజీ యజమానులకూ వ్యాపారులకూ భారం కాని పనులు. చేసి తీరాల్సినవి కూడా.

*

వృత్తి జబ్బుల మీద తొలి సమగ్ర గ్రంథం 1700లో ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు రాశాడు. అవిసె నార, హెంప్ నార దువ్వే కూలీల దగ్గు, ఆయాసం అందులోనే ఉన్నాయి. రోగిని అడగాల్సిన పాత ప్రశ్నలకు ఆయన ఒకటి కలిపాడు: మీరు చేసే పనేమిటి? గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు ఆసుపత్రుల ఓపీ చీటీలో ఈ ప్రశ్నకు ఒక గడి ఉండాలి. దాని పక్కనే, దగ్గు ఏ నెలలో మొదలైందో రాసుకోవడానికి ఇంకొకటి.