ఫ్లూ లెక్కలలో దొరికిన కరోనా

ఒక పట్టణములో ఈ వారము ఎందరికి ఫ్లూ సోకినదో చెప్పుట మనమనుకొన్నంత సులభము కాదు. ఆసుపత్రిలో చేరినవారి లెక్క అక్కడ దొరకును. కాని మిరియాల కషాయము త్రాగి, దుప్పటి కప్పుకొని, మూడవనాటికి లేచి పనికి పోయినవానిని లెక్కించువారెవరు? ఊరిలో వ్యాధిని పంచిపెట్టువారిలో అతడును ఒకడు.

ఈ చిక్కును విడదీయుటకై అమెరికాలో, మన తెలుగువారు అనేకులు స్థిరపడిన సియాటిల్ నగర ప్రాంతమున, 2018లో ‘సియాటిల్ ఫ్లూ స్టడీ’ అను పరిశోధన ప్రారంభమైనది. పరిశోధకులు ఆసుపత్రులతో తృప్తిపడక జనము మసలు చోట్లకే వెళ్లి, దగ్గు జలుబులున్నవారి ముక్కునుండి దూదిపుల్లతో నమూనాలు సేకరించిరి. తరువాత ఇండ్లకే పుల్లలు పంపి, ఎవరి నమూనా వారే తీసి పంపు ఏర్పాటును చేసిరి. ప్రతి వైరస్‌కును దానికే చెందిన జన్యుపదార్థము కలదు. పి.సి.ఆర్. పరీక్ష దానిని కోట్లకొలది రెట్లు పెంచి చూపును గనుక, పైకి ఒకే విధముగా కనిపించు జలుబులు ఇచట వేరుపడును.

2020 జనవరిలో అమెరికాలోని తొలి కరోనా రోగి ఆ నగరమునకు ఉత్తరముననున్న స్నోహోమిష్ కౌంటీలోనే బయటపడెను. అతడు చైనాలోని వూహాన్ నుండి తిరిగి వచ్చినవాడు. నాటి నిబంధనల ప్రకారము చైనా నుండి వచ్చినవారికి, రోగులతో మెలగినవారికి మాత్రమే ప్రధానముగా పరీక్షలు జరుగుచుండెను. ప్రయాణమే చేయనివారికి వ్యాధి పాకినదా? సమాధానము ఫ్లూ కొరకు సేకరించిన పుల్లలలో ఉండవచ్చును. కాని వానిని ఇచ్చినవారు ఫ్లూ పరిశోధనకే సమ్మతించిరి; రోగులకు ఫలితములు తెలుపు అధికారము ఆ ప్రయోగశాలకు లేదు.

ఫిబ్రవరి చివర డాక్టర్ హెలెన్ చూ బృందము అనుమతికై వేచియుండక పరీక్షించెను. విదేశయానము చేయని ఒక విద్యార్థి నమూనాలో కరోనా కనబడెను. వ్యాధి ఊరిలోనే సంచరించుచున్నదని తేలినది.

నిబంధనలు వ్యర్థమని నేననను. సమ్మతిపై నమ్మకము పోయినచో రేపు ముక్కు చూపువారెవరు? అయితే ఇల్లంటుకొన్న తరువాత బావి త్రవ్వబూనుట తగదు. కొత్త వ్యాధి వచ్చినచో ఈ నమూనాలనే చూడవచ్చునా అని తొలిరోజుననే అడిగియుండవలసినది.

ఇక అసలు వెదకబోయిన ఫ్లూ ఏమైనది? మాస్కులు, మూతపడిన బడులు, ఆగిన ప్రయాణములు దానికిని అడ్డుపడెను. 2020 సెప్టెంబరు చివర నుండి 2021 మే వరకు అమెరికా వైద్య ప్రయోగశాలలు ఎనిమిది లక్షలకు పైగా నమూనాలు పరీక్షింపగా, ఫ్లూ కనబడినవి నూటికి 0.2 మాత్రమే. ఫ్లూనే కరోనాగా వ్రాసికొనుచున్నారని కొందరనుకొనిరి. వెదకియు కానరానిదానిని అట్లనుట చెల్లదు. మరల ఫ్లూ తిరిగి వచ్చినది. కాని దానిలో ‘బి యమగాటా’ అను శాఖ 2020 మార్చి తరువాత ఎచటను నిర్ధారణ కాలేదు. అందుచే 2024-25 ఫ్లూ కాలము నుండి అమెరికాలోని టీకాలలో నాలుగు రకములకు బదులు మూడే ఉన్నవి.