పిట్ట తిండి

తక్కువ తినేవాళ్ళను చూసి "పిట్ట తిండి తింటావేం?" అంటుంటారు. పిట్ట నిజంగా తక్కువ తింటుందా? ఏనుగును, పిచ్చుకను పక్కపక్కన పెట్టి చూద్దాం.

నేల మీద తిరిగే జంతువుల్లో ఏనుగే పెద్దది. బాగా ఎదిగిన ఏనుగు బరువు సుమారు 4,000 కిలోలు. పిచ్చుక బరువు సుమారు 25 గ్రాములు. అంటే ఒక ఏనుగు బరువు తూగాలంటే 1,60,000 పిచ్చుకలు కావాలి!

ఏనుగు రోజుకు 160 కిలోల దాకా గడ్డి, ఆకులు, బెరడు తింటుంది. అది దాని బరువులో ఇరవై ఐదో వంతు. పిచ్చుక తినేది గుప్పెడు గింజలు కూడా ఉండవు. కానీ అది దాని బరువులో సుమారు ఐదో వంతు. 50 కిలోల మనిషి ఆ లెక్కన తినాలంటే రోజుకు 10 కిలోలు తినాలి!

పిచ్చుకకు ఎందుకంత ఆకలి?

పొయ్యి మీది నుంచి దించిన కాగులో నీళ్ళు చాలాసేపు వేడిగా ఉంటాయి. అవే నీళ్ళు గ్లాసులో పోస్తే చప్పున చల్లారిపోతాయి. ఒళ్ళు కూడా అంతే. ఏనుగు కాగు లాంటిది. పిచ్చుక గ్లాసు లాంటిది. దాని ఒంట్లో వేడి తొందరగా పోతుంది. పోయిన వేడిని తిండితోనే తెచ్చుకోవాలి. అందుకే పొద్దస్తమానం గింజలు ఏరుతుంది. దాని గుండె నిమిషానికి 400 సార్లకు పైగా కొట్టుకుంటుంది. ఏనుగు గుండె 30 సార్లే కొట్టుకుంటుంది.

ఏనుగు బాధ వేరు. దాని ఒంట్లో వేడి ఓ పట్టాన బయటికి పోదు. అందుకే చేట లాంటి చెవులు విసురుకుంటుంది.

ఈ లెక్క మన ఇంట్లోనూ ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ ఒళ్ళు కూడా గ్లాసులో నీళ్ళలాగే తొందరగా చల్లబడుతుంది. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువున్న బిడ్డకు మరీ ప్రమాదం. అందుకే పుట్టగానే స్నానం చేయించకూడదు. ఒళ్ళు పొడిగా తుడిచి, తల్లి రొమ్ముకు ఆనించి, పైన బట్ట కప్పాలి. తలకు టోపీ పెట్టాలి. గంటలోపే ముర్రుపాలు పట్టాలి. తర్వాత పగలూ రాత్రీ రెండు మూడు గంటలకొకసారి పాలివ్వాలి. బిడ్డ ఒళ్ళు చల్లబడినా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

"ఇందాకే కదా తాగింది, మళ్ళీ పాలా?" అని ఎవరైనా అంటే పిచ్చుక సంగతి చెప్పండి. చిన్న పొయ్యికి మాటిమాటికీ కట్టె పెట్టాల్సిందే.