అమెరికా సంబంధములు – హెచ్-4 వీసా

అమెరికా వరుడు దొరకినాడనగానే మన యిండ్లలో మొదట విచారించునది జీతము, పిదప గోత్రము, అటుపిమ్మట ముహూర్తము. వధువు ఏ వీసాపై అచ్చటికి పోవునో అడుగువారు అరుదు. నిరుడు మా పొరుగింటి వదినగారి కుమార్తె పెండ్లిలో మేమును అడుగలేదు. ఆ పిల్ల ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో నాలుగేండ్లు ఉద్యోగము చేసినది. ఇప్పుడు టెక్సాసులో పగలెల్ల ఒంటరిగా కూర్చుండి, తల్లికి ఫోను చేసినప్పుడెల్ల "అమ్మా, ఈ దినము ఏమి వండితివి?" అని తప్ప వేరుమాట యాడుట లేదట. అందుచే ఈ సంగతి విచారించి, తెలిసినంతవరకు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

నైపుణ్యముగల విదేశీయులకై అమెరికావారు 1990వ సంవత్సరపు చట్టముచే హెచ్-1బి వీసా నేర్పరచిరి. 2000వ సంవత్సరము రాగానే కంప్యూటర్లు తేదీలను పొరబడునను భయము పుట్టినప్పుడు, పాత ప్రోగ్రాములను సరిదిద్దుటకు మనవారు వేలకొలది పోయిరి. 1998లో హైదరాబాదున సైబర్ టవర్సు వెలసెను. నాటినుండి మనుష్యులు అచ్చటికి పోవుటయే గాక, అచ్చటి పనియు ఇచ్చటికి రాసాగెను. ఇప్పుడు ఏటేట ఇచ్చునవి 65,000. అమెరికాలో ఉన్నతపట్టము పొందినవారికి మరి 20,000. కోరువారు అంతకు మిక్కిలి యగుటచే లాటరీ తీయుదురు. చిలుకూరు బాలాజీకి మ్రొక్కునప్పుడు 11, మ్రొక్కు తీరినపిదప 108 ప్రదక్షిణములు చేయుట అందుకే. స్వామి చీట్లు తీయించునో లేదో గాని, పిల్లల కాళ్లకు మంచి వ్యాయామము!

ఇక భార్య మాట. ఆమెకిచ్చు హెచ్-4తో ఆమె చదువుకొనవచ్చును గాని, ఒక్క సెంటైనను ఆర్జింపరాదు. 2015 మే 26 నుండి కొందరికి పనిచేయు అనుమతి దొరకుచున్నది. ముఖ్యముగా భర్త గ్రీన్‌కార్డునకై యజమాని పెట్టిన ఐ-140 అర్జీ మంజూరైనచో భార్య యర్జీ పెట్టుకొనవచ్చును. అది మంజూరగు నంతవరకు ఆమె పట్టములు పెట్టెలోనే యుండును. గ్రీన్‌కార్డన్ననో, ఉద్యోగమార్గమున ఏటికి సుమారు 1,40,000 మాత్రమే. ఏ దేశస్థులకును నూటికి 7కు మించి యియ్యరాదను నియమ మొకటి. కావున మనవారి వరుస ఏండ్లకొలది సాగుచున్నది. ఈలోపల బిడ్డకు 21 ఏండ్లు నిండినచో హెచ్-4 చెల్లదు. భర్త ఉద్యోగము పోయినచో సాధారణముగా 60 దినములలో మరియొక యజమానిని వెదకుకొనవలెను. లేదా ఇంటిల్లిపాదియు బయలుదేరవలెను.

ఆ దేశపు ఇల్లాండ్రకును దుఃఖము లేకపోలేదు. 2015 ప్రాంతమున సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అను విద్యుత్సంస్థ తన కంప్యూటరు పనులను భారతీయ కంపెనీలకు అప్పగించి, వందలకొలది ఉద్యోగులను తొలగించెను. తమ స్థానమునకు వచ్చువారికి తామే పని నేర్పి పోవలసివచ్చెనని వారు మొరపెట్టుకొనిరి. ఇన్నేండ్ల కొలువు అట్లు విడిచి వచ్చిన భర్తకు ఆ రాత్రి అన్నము వడ్డించిన స్త్రీ మనస్సును మనము గ్రహింపలేమా? కాని వారిలో కొందరు సేవ్ జాబ్స్ యు.ఎస్.ఏ. అను సంఘముగా గూడి వేసిన వ్యాజ్యము దేనిపైననుకొన్నారు? హెచ్-4 భార్యల పని యనుమతిపైన! పని తరలించినది కంపెనీ. దెబ్బ తగులబోయినది వంటింటిలోని ఆడుదానికి. ఇది మాకు న్యాయముగా తోచలేదు. 2024లో అప్పీలు కోర్టు ఆ యనుమతిని నిలిపెను; 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమును విచారణకు గైకొనలేదు.

కావున సంబంధము చూచు తల్లులు సిగ్గుపడక అడుగవలసినవి: వరునికి హెచ్-1బి ఆరేండ్ల గడువులో ఎన్నేండ్లు మిగిలినవి? ఐ-140 మంజూరైనదా? కానిచో యజమాని దానిని ఎప్పుడు పెట్టును? కట్నకానుకల మాటలకు చాలిన నోరు దీనికేల చాలదు?

మొన్న వదినగారు మాచేత ఈ ప్రశ్నలనే కాగితముపై వ్రాయించుకొని అల్లునికి ఫోను చేసిరి. ఐ-140 ఇంకను పెట్టనే లేదట. అమ్మాయి మాత్రము ఆ సాయంకాలము మొదటిసారిగా వంట మాట విడిచి, తన పట్టాల నకళ్లు పంపుమని అడిగినదట.