అరుదే, కానీ అంత అరుదు కాదు: పిల్లల్లో పుట్టుకతో వచ్చే పీయూష గ్రంథి లోపాలు – అపోహలు, వాస్తవాలు

ఈడు పిల్లలకంటే కాస్త పొట్టిగా ఉన్న పిల్లాణ్ని చూసి ‘హార్మోన్ తక్కువేమో, చూపించండి’ అనేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. పుట్టిన రెండో రోజే షుగర్ పడిపోయి, నెల దాటినా కామెర్లు తగ్గని చంటిబిడ్డను చూసినప్పుడు మాత్రం ఆ మాట ఎవరి నోటా రాదు. పీయూష గ్రంథి లోపాల విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది. లేనిచోట వెతుకుతాం, ఉన్నచోట వదిలేస్తాం.

మెదడు అడుగున, ముక్కు మొదలుకు వెనకాల, ఎముకలోని చిన్న గుంటలో ఉండే శనగగింజంత గ్రంథి ఇది. పెద్దవాళ్లలో దీని బరువు దాదాపు అర గ్రాము. ఎదుగుదల హార్మోన్ (గ్రోత్ హార్మోన్) ఇక్కడే తయారవుతుంది. థైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు, వృషణాలు పని చేయాలన్నా ఆదేశం ఇక్కడినుంచే వెళ్లాలి. ఒంట్లో నీటిని నిలిపి ఉంచే హార్మోన్ దీని వెనక భాగం నుంచి విడుదలవుతుంది. కడుపులో ఉండగా ఈ గ్రంథి సరిగ్గా రూపు కట్టకపోతే వీటిలో ఒకటో రెండో లోపించవచ్చు, అన్నీ లోపించవచ్చు.

అపోహ: ఇది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బు.

వాస్తవం: వైద్య గ్రంథాల్లో ఎక్కువగా కనిపించే అంచనా 4,000 నుంచి 10,000 జననాలకు ఒకరు. అంటే లక్ష కాన్పులకు 10 నుంచి 25 మంది. మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా పిల్లలు పుడుతున్నారు కాబట్టి, ఆ లెక్కన ఏడాదికి 2,000 నుంచి 5,000 మంది ఈ లోపంతో పుడుతూ ఉండాలి. అరుదైనదే, కాదనలేం. అయితే పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో కొన్నేళ్లు పనిచేసిన డాక్టరుకో నర్సుకో ఇలాంటి బిడ్డ ఒక్కసారైనా ఎదురుపడే ఉంటుంది. వాళ్లు గుర్తుపట్టారా లేదా అన్నది వేరే సంగతి.

అంచనా ఇంత వెడల్పుగా ఎందుకుంది? గుర్తించినవాళ్లనే లెక్కపెట్టగలం గనుక. అమెరికాలోని యూటా రాష్ట్రంలో జరిగిన ఒక అధ్యయనం ఈ సంగతిని బాగా బయటపెట్టింది. 1994లో ప్రచురితమైన ఆ పరిశీలనలో దాదాపు 1,15,000 మంది బడిపిల్లల ఎత్తు కొలిచి, వాళ్లలో చాలామందిని ఏడాది తర్వాత మళ్లీ కొలిచారు. బాగా పొట్టిగా ఉండి, ఏడాదికి 5 సెంటీమీటర్లు కూడా పెరగనివాళ్లు 555 మంది తేలారు. అప్పటికే గుర్తించినవాళ్లనూ కలుపుకుంటే ఎదుగుదల హార్మోన్ లోపం మొత్తం 33 మందికి ఉంది, అంటే సుమారు 3,500 మందిలో ఒకరికి. వాళ్లలో దాదాపు సగం మందికి ఆ లోపం ఉన్నట్టు అంతవరకూ ఎవరికీ తెలియదు. అంత వైద్య సదుపాయమున్న చోటే పరిస్థితి అది. ఈ 33 మందిలో అందరిదీ పుట్టుకతో వచ్చిన లోపమే అని మాత్రం అనుకోకూడదు, తర్వాత వచ్చినవీ ఇందులో కలిసే ఉంటాయి.

లెక్క రెండో వైపుకూ తప్పుతుంది. ఒక్క ఎదుగుదల హార్మోనే లోపించిందని చిన్నప్పుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టిన పిల్లల్లో చాలామందికి, ఎత్తు పెరగడం పూర్తయ్యాక మళ్లీ పరీక్ష చేస్తే ఫలితం మామూలుగానే వస్తుంది. కొందరిది తాత్కాలిక లోపం, కొందరికి అసలు లోపమే లేదు. ఎంఆర్‌ఐలో గ్రంథి నిర్మాణంలోనే తేడా కనిపించినవాళ్లకు, రెండు మూడు హార్మోన్లు లోపించినవాళ్లకు మాత్రం ఆ లోపం సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

అపోహ: పుట్టుకతో వచ్చిన లోపమైతే పుట్టినప్పుడే బిడ్డ చిన్నగా ఉంటుంది.

వాస్తవం: తల్లిదండ్రులనే కాదు, వైద్య సిబ్బందినీ పక్కదారి పట్టించే నమ్మకమిది. కడుపులో ఉన్నప్పటి పెరుగుదలకు బిడ్డ సొంత ఎదుగుదల హార్మోన్ అవసరం పెద్దగా ఉండదు. ఆ పని ఇన్సులిన్, దాన్ని పోలిన ఇతర హార్మోన్లు చూసుకుంటాయి. అందుకే ఈ పిల్లలు చాలావరకు మామూలు బరువుతో, మామూలు పొడవుతో పుడతారు. మూడు కిలోల బిడ్డను చేతిలో పెడితే ఎవరికి అనుమానం వస్తుంది?

అనుమానించాల్సింది వేరే గుర్తుల్ని చూసి. నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన బిడ్డకు మడమ పొడిచి చూసినప్పుడల్లా షుగర్ తక్కువ వస్తుంటే, సెలైన్ ఆపగానే మళ్లీ పడిపోతుంటే, అది పాలు చాలకపోవడం ఒక్కటే కాకపోవచ్చు. షుగర్ పడిపోకుండా కాపాడేవాటిలో అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్, ఎదుగుదల హార్మోన్ ముఖ్యమైనవి. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకపోతే ‘పొద్దుటెండలో పెట్టండి’ అని సరిపెట్టకూడదు, డైరెక్ట్ బిలిరుబిన్ చూడాలి. మలం తెల్లబడినా, మూత్రం ముదురు పసుపు రంగులోకి మారినా ఆ పని ఇంకా తొందరగా జరగాలి. మగబిడ్డ అంగం లాగి కొలిచినా రెండున్నర సెంటీమీటర్లు లేకపోవడం, వృషణాలు కిందికి దిగకపోవడం మరో గుర్తు. ఇంట్లో పెద్దవాళ్లు ‘వయసొస్తే అదే సర్దుకుంటుంది’ అంటారు. తల్లి సిగ్గుపడి డాక్టరు దగ్గర ఆ మాట ఎత్తదు. కనుపాపలు నిలకడగా లేక అటూ ఇటూ కదలడం, గ్రహణం మొర్రి వంటివీ ఈ గ్రంథిపై కన్నేయమని చెప్పే గుర్తులే. చూపు నరం సరిగ్గా ఎదగకపోవడంతో పాటు పీయూష గ్రంథి లోపమూ కలిసి ఉండగల ఒక స్థితి సుమారు 10,000 జననాల్లో ఒకరికి వస్తుందని అంచనా.

వీటిలో ఏ ఒక్కటో ఉంటే డాక్టరుకు చూపించాలి, కానీ అంతమాత్రాన పీయూష గ్రంథి లోపమేనని కంగారు అక్కర్లేదు. రెండు కలిసి కనిపిస్తే మాత్రం హార్మోన్ పరీక్షలు చేయించాల్సిందే. ఆడపిల్లల్లో బయటికి కనిపించే గుర్తు ఒకటి తక్కువ కాబట్టి ఆలస్యం ఇంకా ఎక్కువ. బడి వయసులోనూ ఎత్తు గురించి పరీక్షలకు వచ్చేది ఎక్కువగా మగపిల్లలే. ‘ఆడపిల్ల కాస్త పొట్టిగా ఉంటే ఏమైంది’ అనే మనస్తత్వానికి ఇందులో వాటా ఉందని నా నమ్మకం.

అపోహ: టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది, ఇక థైరాయిడ్ భయం లేదు.

వాస్తవం: టీఎస్‌హెచ్ పీయూష గ్రంథి నుంచి వచ్చే హార్మోన్. థైరాయిడే దెబ్బతింటే అది పెరుగుతుంది, పరీక్షలో దొరుకుతుంది. మన దేశంలో సుమారు వెయ్యిమంది పసివాళ్లలో ఒకరికి ఉండే లోపం ఇదే. ఆదేశమిచ్చే పీయూష గ్రంథే బలహీనమైతే టీఎస్‌హెచ్ తక్కువగానో మామూలుగానో ఉంటుంది, ఒక్కోసారి కొద్దిగా పెరిగీ ఉండవచ్చు. రిపోర్టులో ఎర్రగీత పడదు. మడమ రక్తంతో చేసే టీఎస్‌హెచ్ ఒక్కదాని పరీక్షలో ఈ పిల్లలు తప్పించుకుపోతారు. నెదర్లాండ్స్‌లో థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోన్‌ను కూడా కలిపి చూస్తారు కాబట్టే, అక్కడ ఈ రకం లోపం సుమారు 16,000 మందిలో ఒకరికి ఉందని తేలింది. పైన చెప్పిన గుర్తులున్న బిడ్డకు ఫ్రీ టీ4 కూడా చూడమని అడగండి.

అపోహ: పొట్టిగా ఉన్న పిల్లలందరికీ ఈ హార్మోన్ తక్కువే.

వాస్తవం: యూటాలోని ఆ 555 మందిలో హార్మోన్ సంబంధమైన కారణం దొరికింది నూటికి ఐదుగురికే. మిగతావాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రుల పోలికన పొట్టివాళ్లో, ఆలస్యంగా ఎదిగేవాళ్లో. మన దగ్గర పోషకాహార లోపాన్నీ, రక్తహీనతనూ, దీర్ఘకాలిక జబ్బులనూ వీటికి కలుపుకోవాలి.

ఒక్కసారి కొలిచిన ఎత్తు పెద్దగా ఏమీ చెప్పదు, పెరిగే వేగం చెబుతుంది. మొదటి ఏడాది సుమారు 25 సెంటీమీటర్లు, రెండో ఏడాది 10 నుంచి 12, నాలుగేళ్లు దాటాక ఈడు వచ్చేవరకు ఏడాదికి 5 నుంచి 6. ఎదుగుదల హార్మోన్ లేని బిడ్డ సాధారణంగా మొదటి పుట్టినరోజు నాటికే వెనకపడటం మొదలుపెడుతుంది. ఇంట్లో కొలిచేటప్పుడు చెప్పులు విప్పించి, జడ క్లిప్పులు తీసి, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, తలమీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి గీత గీయండి. సాయంత్రానికి మనిషి ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. ఈసారి పొద్దున కొలిస్తే, ఆరు నెలల తర్వాతా పొద్దునే కొలవాలి.

కొన్ని ల్యాబుల్లో ఎప్పుడో ఒకప్పుడు రక్తం తీసి ‘గ్రోత్ హార్మోన్ తక్కువ’ అని రాసిచ్చేస్తున్నారు. బడి వయసు పిల్లల్లో ఆ కాగితానికి విలువ లేదు. ఈ హార్మోన్ రోజంతా ఒకేలా ఉండదు, విడతలు విడతలుగా, ముఖ్యంగా గాఢనిద్రలో విడుదలవుతుంది. అసలు పరీక్షకు పరగడుపున పిల్లాణ్ని కూర్చోబెట్టి, బీపీకి వాడే క్లోనిడిన్ మాత్రో, గ్లూకగాన్ ఇంజెక్షనో ఇచ్చి, అరగంటకోసారి రక్తం తీస్తారు. క్లోనిడిన్‌కు పిల్లాడు మత్తుగా జోగుతాడు, బీపీ చూస్తూ ఉండాలి. ఇక ఎత్తు పెంచుతామనే డబ్బా పొడులకూ, దూలానికి వేలాడటానికీ పీయూష గ్రంథితో ఏ సంబంధమూ లేదు.

అపోహ: మేనరికం వల్లే వస్తుంది. లేదా ఎదురుకాళ్ల కాన్పులో దెబ్బ తగిలి వస్తుంది.

వాస్తవం: మేనరికపు పెళ్లిళ్లు కొన్ని రకాల్లో ముప్పు పెంచుతాయి, అది నిజం. పాకిస్థాన్‌లోని సింధ్ ప్రాంతంలో రెండు పల్లెల్లో 18 మంది, శరీర నిష్పత్తి చెడకుండానే, బాగా పొట్టిగా ఉండటాన్ని 1998లో వైద్యులు నమోదు చేశారు. ఎదుగుదల హార్మోన్‌ను విడుదల చేయమనే ఆదేశాన్ని అందుకునే గ్రాహకపు జన్యువులో మార్పు దానికి కారణం. అదే మార్పు భారతీయ కుటుంబాల్లోనూ కనిపించింది. బ్రెజిల్‌లోని ఇటబయానిన్యా పట్టణంలో అదే జన్యువులో మరో మార్పుతో వందమందికి పైగా ఉన్నారు. కానీ ఇవి ప్రత్యేక సమూహాలు. మొత్తంమీద చూస్తే జన్యు కారణం స్పష్టంగా దొరికేది పదిమందిలో ఒకరిద్దరికే, మిగతావాళ్ల ఇళ్లలో చాలావరకు ఇంకెవరికీ ఈ సమస్య ఉండదు.

ఎదురుకాళ్ల కాన్పుకు, ఈ లోపానికి సంబంధముందని పాత వైద్యులూ గమనించారు. దెబ్బ తగిలి గ్రంథి కాడ తెగిందనుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది నిపుణులు దాన్ని గర్భంలోనే ఏర్పడిన నిర్మాణ లోపంగా చూస్తున్నారు. కాన్పు చేసినవాళ్లనో, కన్నతల్లినో నిందించి లాభం లేదు.

అపోహ: ఈ పిల్లలకు తెలివి తక్కువ.

వాస్తవం: ఎదుగుదల హార్మోన్ లోపం ఒక్కటే ఉంటే తెలివి మామూలే. గుర్తించకుండా వదిలేసిన షుగర్ పతనాలు, థైరాయిడ్ లోపం మెదడును దెబ్బతీస్తాయి.

అపోహ: ఎత్తు ఇంజెక్షన్ ఒక్కటే మందు, అదీ స్టెరాయిడ్.

వాస్తవం: ఎదుగుదల హార్మోన్ స్టెరాయిడ్ కాదు, ప్రోటీన్. ఒకప్పుడు చనిపోయినవాళ్ల పీయూష గ్రంథుల నుంచి తీసేవారు. దాని ద్వారా ప్రాణాంతకమైన మెదడు జబ్బు సోకుతోందని 1985లో బయటపడి అమెరికా, బ్రిటన్‌లలో ఆపేశారు. అదే ఏడాది జన్యు సాంకేతికతతో తయారైన హార్మోన్ వచ్చింది, ఇప్పుడు వాడుతున్నది అలాంటిదే.

ఎత్తు కంటే ముందు ప్రాణానికి సంబంధించినది కార్టిసాల్. అది లోపించిన బిడ్డకు హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టకుండా థైరాయిడ్ మాత్ర ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ముందు కార్టిసాల్ సరిచేసి, ఆ తర్వాత థైరాయిడ్ సంగతి చూస్తారు. హైడ్రోకార్టిసోన్ కూడా స్టెరాయిడే, అయితే ఇక్కడ ఒంట్లో ఉండాల్సినదాన్నే భర్తీ చేస్తున్నాం. ‘స్టెరాయిడ్ ఎందుకు’ అని బంధువులెవరో అన్నారని ఆపేయకూడదు. జ్వరమొస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు రెండు మూడు రెట్లు పెంచాలి. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ చేయించాలి. బిడ్డకు ఈ లోపం ఉందని రాసిన కార్డు బడిసంచిలో ఉండాలి, క్లాసు టీచరుకూ తెలియాలి.

ఖర్చు సంగతి. ఎదుగుదల హార్మోన్ ఇంజెక్షన్లు ఏళ్లతరబడి, బరువుతోపాటు పెరిగే మోతాదులో కావాలి. మధ్యతరగతికి మోయలేని భారం. నిర్ధారణ అయిన ఎదుగుదల హార్మోన్ లోపాన్ని కేంద్ర ప్రభుత్వ అరుదైన వ్యాధుల విధానం 2021 తన జాబితాలో చేర్చింది. 2022లో ఆ విధానం కింద సాయాన్ని 50 లక్షల రూపాయల వరకు పెంచారు. ఇందుకోసం ఎంపికైన కేంద్రాల్లో హైదరాబాద్‌లోని నిమ్స్, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. బిడ్డ పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, షుగర్ రీడింగులు, ఎంఆర్‌ఐ పారేయకుండా దాచి, వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.