ఆత్మ పరిశీలనకు తోడ్పడే గ్రంథాలు: ఏది ముందు?

గోదావరికి ఉత్తరాన, సదర్మట్ ఆనకట్టకు చేరువలో ఉన్న పట్టణం ఖానాపూర్. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనిది. 2016 నుండి నిర్మల్ జిల్లాలో ఉంది. ఈ ప్రాంతపు ముస్లిం కుటుంబాల్లో ఒక చిత్రమైన పరిస్థితి కనిపిస్తుంది. నిజాం పాలనలో చదువు ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులను సైతం ఉర్దూలోనే బోధించింది. కనుక ఆ తరంవారు కొని దాచుకున్న ధార్మిక గ్రంథాలు ఉర్దూవే. ఇంట్లో దక్కనీ మాట్లాడే మనవలు, మనవరాళ్లలో చాలామందికి ధారాళంగా చదవవచ్చిన లిపి మాత్రం తెలుగు. తాతగారి పెట్టెలోని పుస్తకాలు వారికి ఆస్తేగాని అక్షరాలు కావు.

అటువంటి యువకుడు ‘మనసు బాగుపడడానికి ఏ పుస్తకం చదవాలి?’ అని అడిగితే పెద్దలు సాధారణంగా పది పేర్లు చెబుతారు. అందులో మొదటి పేరు తరచుగా ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) వ్రాసిన ‘ఇహ్యా ఉలూముద్దీన్’. అది నలభై ప్రకరణాల మహాగ్రంథం. దానితో ప్రారంభించిన కుర్రవాడు మొదటి సంపుటం సగంలోనే ఆగిపోతాడు. ఇవన్నీ పండితులకే తప్ప తనవంటి వారికి కావని నిశ్చయించుకుంటాడు. తప్పు గ్రంథానిది కాదు, వరుసది.

దివ్య ఖుర్ఆన్ పఠనం అన్నిటికంటె ముందున్నదని వేరే చెప్పనక్కరలేదు. ప్రతి ఆత్మా రేపటి కోసం ఏమి పంపుకున్నదో చూసుకోవాలని ‘హష్ర్’ సూరా హెచ్చరిస్తున్నది. ఆత్మ పరిశీలనకు మూలం అక్కడే ఉంది. తెలుగులో ఖుర్ఆన్ అనువాదానికి తొలి బాట వేసినది ముస్లిం పండితుడు కాదు, ‘ఆంధ్ర భాషా చరిత్రము’ (1937) రచించిన చిలుకూరి నారాయణరావు గారన్న సంగతి ఈ తరానికి అంతగా తెలియదు. ఆ తరువాత కర్నూలు నుండి అబ్దుల్ గఫూర్ గారి అనువాదం వెలువడింది. పిమ్మట మరికొన్ని వచ్చాయి. కాబట్టి ఈ ఒక్క విషయంలో భాష అడ్డంకి కాదు.

ఖుర్ఆన్ తరువాత చేతికి ఇవ్వదగినది పెద్ద గ్రంథం కాదు, ఒక లేఖ. ‘అయ్యుహల్ వలద్’ అనే ఈ లేఖ పుట్టుక ఆలోచింపదగినది. ఇమామ్ గజాలీ శిష్యుడొకడు ఏళ్ల తరబడి ఎన్నో శాస్త్రాలు చదివాడు. చివరకు, ఇంత చదివానే, ఇందులో సమాధిలో నాకు తోడు వచ్చేది ఏది, రానిది ఏది అన్న సందేహం అతణ్ణి పట్టుకుంది. గురువుగారి గ్రంథాల్లో సమాధానం ఉన్నదని తెలిసి కూడా, తాను జీవితాంతం దగ్గర ఉంచుకోదగినట్లు కొద్ది కాగితాల్లో వ్రాసి పంపమని కోరాడు. అంటే నేడు ఖానాపూర్‌లో వినిపించే ప్రశ్న తొమ్మిది శతాబ్దాల నాటిది. అడిగినవాడు చదువురానివాడు కాదు, ఎక్కువ చదివినవాడు.

గురువు పుస్తకాల జాబితా పంపలేదు. ఎడారిలో పోతున్న శూరుడి దగ్గర పది హింద్ కత్తులున్నాయి, సింహం మీదికి వచ్చింది, దూయకుండా ఆ కత్తులు అతణ్ణి కాపాడతాయా అని అడిగారు. ఈ ఉపమానం ఖానాపూర్ పాఠకుడికి దూరపుది కాదు. గోదావరి ఆవలి ఒడ్డున, నిజామాబాద్ వైపు ఉన్న కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తయారయ్యేది. దానికి కావలసిన ఇనుములో కొంత నిర్మల్ సమీపాన ఉన్న దిమ్మదుర్తి నుండి వెళ్లేది. 1820ల ప్రాంతంలో కూడా పర్షియా వర్తకులు ఆ ఉక్కు కోసం అక్కడికి వచ్చేవారని భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ వ్రాశాడు. గజాలీ తలచిన కత్తులు ఈ ఉక్కువేనని అనడానికి ఆధారం లేదు, అనవలసిన పని కూడా లేదు. కాని ఆయన మాట ఎంత పదునైనదో ఈ నేల వారికి వివరించి చెప్పనక్కరలేదు.

ఈ మాటలు చెప్పినవారు సుఖంగా కూర్చుని చెప్పలేదు. 1091లో బగ్దాద్ నిజామియా విద్యాపీఠంలో ఆచార్య పదవి పొందిన గజాలీకి 1095లో మాట పడిపోయింది. పాఠం చెప్పడానికి నోరు తెరిస్తే శబ్దం రాలేదు, ముద్ద దిగలేదు, వైద్యులు ఆశ వదులుకున్నారు. పదవి వదలి సిరియాకు వెళ్లిపోయారు. తన బోధన వెనుక ఉన్నది దైవప్రీతి కాదు, కీర్తికాంక్ష అని గుర్తించినట్లు ‘అల్ మున్ఖిజ్’లో స్వయంగా ఒప్పుకున్నారు. లేఖ తరువాత చదవవలసింది ఈ చిన్న పుస్తకాన్నే.

మూడవది ‘కీమియాయె సఆదత్’. పారసీకంలో సామాన్యుల కోసం వ్రాసినది. ఇది నిన్ను నీవు తెలుసుకోవడంతోనే మొదలవుతుంది. దేహం ఒక నగరం, హృదయం రాజు, బుద్ధి వజీరు, కోరిక పన్ను వసూలు చేసే అధికారి, కోపం కొత్వాలు. వసూలుదారు అబద్ధాలకోరు, ఎప్పుడూ వజీరుకు అడ్డుపడతాడు. కొత్వాలు కటువైనవాడు. అయినా ఇద్దరినీ తీసివేస్తే నగరం నిలవదు. వజీరు అదుపులో ఉంచాలి. సన్యాసానికీ ఈ బోధనకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. ఇదే గ్రంథంలో చివరి భాగాన, ఆత్మను వ్యాపారంలో భాగస్వామిగా చూడమంటారు: ఉదయం షరతులు పెట్టుకోవడం, పగలంతా కనిపెట్టి ఉండడం, రాత్రి లెక్క చూసుకోవడం. ఖాతా పుస్తకం ఎరిగిన దుకాణదారుకు ఇంతకంటె సులువైన పాఠం దొరకదు. ఆంగ్లంలో చదివేవారు ఒక విషయం గమనించాలి: క్లాడ్ ఫీల్డ్ 1910లో ప్రకటించిన అనువాదం మూలానికి చిన్న సంక్షేపం మాత్రమే, అదీ ఉర్దూ ప్రతి నుండి చేసినది.

లెక్క చూసుకోవడం అనే మాటతోనే పేరు పొందిన హారిస్ ముహాసిబీ (781–857) గ్రంథం ‘అర్రిఆయా’ను గజాలీ కంటె ముందు పెట్టాలనేవారు ఉన్నారు. ప్రదర్శనా బుద్ధి ఎన్ని వేషాలు వేస్తుందో అంత లోతుగా విప్పినవారు అరుదు. కాని కొత్తవాడు అది చదివితే తన ప్రతి నమాజునూ అనుమానించుకుని క్రుంగిపోయే ప్రమాదం ఉంది. కొన్నేళ్లు ఆగడం మంచిది. లాహోరులో స్థిరపడిన హజ్రత్ హుజ్వేరీ ‘కష్ఫుల్ మహ్జూబ్’ కూడా పరిభాష పట్టుబడిన తరువాతనే.

వీటన్నిటికీ భిన్నమైనది ‘ఫవాయిదుల్ ఫుఆద్’. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా సభల్లో విన్న సంభాషణలను కవి అమీర్ హసన్ సిజ్జీ 1308 నుండి 1322 వరకు తేదీల వారీగా వ్రాసిపెట్టుకున్నారు. సిద్ధాంత చర్చ తక్కువ; వచ్చినవారి ప్రశ్నలు, ఆకలి, అప్పు, క్షమ, పొరుగువాడితో తగాదా ఎక్కువ. అమీర్ హసన్ చివరి దినాలు దక్కన్‌లోనే గడిచాయి. ఆయన సమాధి దౌలతాబాద్ దగ్గరి ఖుల్దాబాద్‌లో ఉంది. ఈ పుస్తకాన్ని ఒంటరిగా చదవడం కంటె వినడం మేలు, ఎందుకంటే అది విన్న మాటలతోనే తయారైంది. ఉర్దూ చదవగల తాతగారు ఇషా నమాజు తరువాత ఒక్క సభ చదివితే, మనవడు దాని సారాన్ని తెలుగులో నోటు పుస్తకంలో వ్రాసుకోవచ్చు. ఒక రాత్రికి ఒక సభ చాలు. కొన్ని సభలు అర పుట కూడా ఉండవు.